చివరి మాట చేతిది

జనవరి 11

అన్నయ్యకి,

పార్సెల్ అందిందనుకుంటాను. పాత తువ్వాలులో చుట్టి, చుట్టూ మా పంట తెగుళ్ళ ఆఫీసు జొన్న సంచుల గుడ్డ కుక్కాను. పెట్టె అడుగున నాలుగు గింజలు కనబడితే కంగారు పడకు, అవి కెమెరాలోంచి రాలినవి కావు.

ఫిల్ము దొరకడం లేదని, కడిగేవాళ్ళు కూడా మూసేశారని నువ్వు రాసిన రోజు నుంచీ అనుకుంటున్నాను. ఇది నేను ఆరేళ్ళు వాడింది. ఆకుల మీద మచ్చలు, మచ్చల మీద పురుగులు, పురుగుల మీద నూగు తప్ప మనుషుల మొహాలు చూసి ఎరగదు. నీ దగ్గర కాస్త మర్యాద నేర్చుకుంటుంది. నాకు ఆఫీసువాళ్ళు కొత్తది ఇచ్చారు.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కదా అంటుంది వదిన. ఫోనులో అయితే నువ్వు "సరేలే, తెలుసులే" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టెయ్యలేవు.

దీంట్లో ఫోకస్‌కి మూడు పద్ధతులున్నాయి. అంతా అదే చూసుకోవడం ఒకటి. అంతా మనమే చేత్తో తిప్పుకోవడం ఒకటి. రెండూ కలిసింది మూడోది. నీకు మూడోది పెట్టి పంపాను. మార్చకు. బటన్ సగం నొక్కు. మొహం మీద చిన్న ఆకుపచ్చ గడి వెలిగి కిచ్‌మంటుంది. అంటే దాని లెక్క అది చెప్పేసిందన్నమాట. వేలు తీయకుండా, అలాగే సగంలో పట్టుకుని, ఎడమ చేత్తో లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పు. ఇప్పుడు నీ మాట వింటుంది. నచ్చినచోట ఆపి పూర్తిగా నొక్కెయ్. మధ్యలో వేలు తీశావంటే నువ్వు తిప్పిందంతా మరిచిపోయి మళ్ళీ మొదటికొస్తుంది.

మాకిక్కడ ఇదే అలవాటు. ఆకుని కెమెరా పట్టుకుంటుంది, ఆకు మీది పురుగుని మేం పట్టుకుంటాం. మొదటి మాట దానిది, చివరి మాట చేతిది. నీకు నచ్చుతుంది.

మీ బావ పన్ను నొప్పని నెల రోజులుగా ఒక పక్కనే నములుతున్నారు. డాక్టరుకి చూపించుకోమంటే మిల్లులో తూకం వదిలి రావడం కుదరదంటారు. వదిన మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నీ చెల్లెలు


జనవరి 27

చెల్లాయికి,

కెమెరా చేరింది. గింజలు కోడి తినేసింది. కింద టైరు షాపు అతని కోడి ఈ మధ్య మెట్లెక్కి నేరుగా స్టూడియోలోకే వస్తోంది. దానికీ ఏదో దరఖాస్తు పెట్టుకోవాలేమో, ఫోటో కావాలి కాబోలు.

నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. మొదటిరోజు వేలు సగంలో ఆపడమే చేతకాలేదు. ఉద్యోగం దరఖాస్తుకని వచ్చినవాణ్ణి నోరు తెరిచి ఉండగా ఆరు తీశాను. ఇప్పుడు పట్టుబడింది. నలభై ఏళ్ళు తిప్పిన చెయ్యి, ఒళ్ళో పెట్టుకుని కూచోమంటే కూచుంటుందా? నాన్న నేర్పినట్టే చేస్తున్నాను. స్పష్టంగా కనబడినచోట ఆగకూడదు. దాన్ని దాటించి మళ్ళీ వెనక్కి తేవాలి.

నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరొచ్చినా రెండు తీస్తాను. మొదటిది పూర్తిగా కెమెరాకి వదిలేసి. రెండోది సగంలో పట్టుకుని నా చేత్తో సవరించి. మీ వదిన కంప్యూటరు దగ్గర కూర్చుని రెండూ చూసి, బాగున్నదాన్ని అచ్చు తీస్తుంది. "ఏది గెలిచింది?" అని అడుగుతాను. "మీదే" అంటుంది. ఈ రెండు వారాల్లో కెమెరా ఒక్కసారి కూడా గెలవలేదు. పాపం, దానికి నలభై ఏళ్ళ అనుభవం ఎక్కడినుంచి వస్తుంది!

నా కళ్ళ గురించి మీ వదిన నీకేదో రాసిందట. పట్టించుకోకు. ఈ వయసులో చత్వారం ఎవరికి రాదు?

బావని పన్ను పీకించుకోమను. ఒక పూట తూకం ఆగితే మిల్లేమీ మూతపడదు. ఈ మాట నేనన్నానని మాత్రం చెప్పకు.

అన్నయ్య


మార్చి 2

అన్నయ్యకి,

పన్ను కాదు.

దవడలో పుండు ఎముక దాకా దిగిందట. ముక్క కోసి పరీక్షకి పంపారు, నిన్న ఫలితం వచ్చింది. పంతొమ్మిదో తారీకున ఆపరేషన్. కింది దవడ ఎడమవైపంతా, గడ్డం దాకా తీసేస్తారు. కాలి ఎముక తెచ్చి అతుకుతారట. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. తీసేసే భాగాన్ని చక్కగా అడ్డగీతలతో నింపాడు.

బయటికొచ్చి సైకిల్ స్టాండు దగ్గర ఆగాం. మీ బావ అన్నారు, "మీ అన్నయ్యని పిలిపించు."

"ఎందుకు?"

"ఫోటోకి."

"ఫోనులో వందున్నాయి కదా మీవి!"

"అన్నిట్లో ఎవరితోనో వాగుతూనే ఉన్నాను. ఈ మొహానిది కుదురుగా ఒకటి ఉండాలి. తర్వాత తీద్దామంటే ఉండదు."

నేనే తీస్తానన్నాను. "నువ్వు నా మొహంలో మచ్చలు వెతుకుతావు. మీ అన్న తీస్తే మొహం మొహంలా ఉంటుంది," అన్నారు.

తొమ్మిదేళ్ళయింది నువ్వు మా గడప తొక్కి. మా ఆడపడుచు పెళ్ళిలో అంతమంది ముందు "మా బావమరిది ఫోటో తీసేలోపు పెళ్ళికూతురికి తల నెరుస్తుంది" అనడం ఆయన తప్పే. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. అదంతా ఇప్పుడు పక్కన పెట్టి రా. ఇంకేమీ అడగను.

చెల్లెలు


మార్చి 6

చెల్లాయికి,

పదమూడున పొద్దున బస్సుకి వస్తాను. మీ వదిన రాలేనంది, మోకాళ్ళు.

కిటికీ ఉన్న గది ఖాళీ చేయించు. గోడ మీద క్యాలెండర్లు తీసెయ్. బావని ముందురోజు సాయంత్రం గడ్డం గీసుకోమను, కొత్త బ్లేడుతో. అదే రోజు గీసుకుంటే చర్మం ఎర్రగా ఉంటుంది. గళ్ళ చొక్కా వద్దు. పొద్దున ఎక్కువ మాట్లాడనివ్వకు, పెదాలు అలిసిపోతాయి. అదొక్కటే కష్టం ఆయనకి, తెలుసు.

ఆ పెళ్ళిలో మాట నాకు గుర్తే లేదు. నువ్వు రాశాక గుర్తొచ్చింది.

అన్నయ్య


ఏప్రిల్ 14

అన్నయ్యకి,

ఆపరేషన్ పదకొండు గంటలు పట్టింది. ఇరవైరోజులకి ఇంటికి తెచ్చుకున్నాం. ముక్కులోంచి గొట్టం, దాంట్లోంచే తిండి. మాట లేదు. పలక కొనిపెట్టాను. మొదటిరోజు దాని మీద రాసింది "కుర్చీ గోడకి తిప్పు" అని. ఎదురుగా అద్దం ఉందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

నిన్న పలక మీద "ఫోటో" అని రాశారు.

కంప్యూటరు తెరిచాను. నువ్వు తీసిన పద్నాలుగూ ఆయన నా పక్కన కూర్చుని చూశారు. పద్నాలుగింటిలోనూ మొహం లేదు. మొహం ఉండాల్సినచోట తడి గుడ్డతో తుడిచినట్టుంది. కళ్ళెక్కడో, పెదవెక్కడో వెతుక్కోవాలి. వెనక కిటికీ ఊచలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి. మూడో ఊచ మీద తుప్పు ఎక్కడ మొదలైందో చెప్పొచ్చు. చివరిది చూశాక ఆయన పలక తుడిచి పక్కన పెట్టేశారు.

ఆ రోజు నేను ఆసుపత్రి కాగితాల కోసం ఇంట్లోకీ వీధిలోకీ తిరుగుతున్నాను. నువ్వు అరుగు మీద కూర్చుని కెమెరా నొక్కుతూ ఏవో తుడిపేస్తున్నావు. ఏమిటంటే "పనికిరానివి" అన్నావు. నువ్వు కెమెరా కార్డు పట్టుకెళ్ళే ముందు మిగిలినవాటిని కంప్యూటరులోకి దించుకున్నానే కానీ తెరిచి చూడలేదు. నీ పనిని నేను పరీక్షించడమేమిటి అనుకున్నాను.

దరఖాస్తు పెట్టుకునే ప్రతివాడి మొహం సూదిమొనలా తీస్తావట. ఆయనది ఒక్కటి తీయడానికి చెయ్యి రాలేదా? తొమ్మిదేళ్ళు ఆ మాట మోసింది ఇక్కడ దించుకోవడానికా? రాకపోయినా బాగుండేది. రానన్నావని తిట్టుకుని నేనే తీసుకునేదాన్ని.

నీ చెల్లెలు


ఏప్రిల్ 22

చెల్లెలికి,

మీ ఆయన కదిలాడు.

పోనీ జబ్బు మనిషి కదా అని ఆ రోజు నేనేమీ అనలేదు. కాసేపు కూర్చుంటే మెడ వణికింది. మధ్యమధ్యలో ఏదో చెప్పబోయాడు. నేను చెయ్యాల్సిందంతా చేశాను. నా పద్ధతి ప్రకారం ఒక్కోదాన్నీ రెండేసిసార్లు తీశాను. పద్నాలుగు కెమెరావి, పద్నాలుగు నావి. ఆ చిన్న తెర మీద ఎండలో ఎవరికేం కనబడుతుంది? చూడాల్సిన పనేముంది, ఏది గెలుస్తుందో రెండు నెలలుగా తెలుస్తూనే ఉంది కదా. అందుకే ఒకటి విడిచి ఒకటి, కెమెరావి తుడిపేసి నావి ఉంచాను. నీకు మంచివే మిగలాలని.

కావాలని చేశానంటావా? పగ తీర్చుకోవడానికి ఆరు గంటలు బస్సులో ఒంటికాలి మీద నిలబడి వస్తానా? ఆ ఊచలు నేను తీయలేదు. నేను తీసింది మొహాన్ని. కదిలితే కెమెరా ఏం చేస్తుంది, నేనేం చేస్తాను?

నా చేతిలో లోపం ఉంటే ఇక్కడ తెలియదా? నిన్న పదకొండుమంది వచ్చారు. ఒక్కరూ వెనక్కి తేలేదు. నమ్మకం లేకపోతే నువ్వే చూసుకో. నిన్నటి కార్డు అలాగే ఈ కవరులో పెట్టి పంపుతున్నాను, ఒక్కటీ తుడపలేదు. మీ ఆఫీసులో పురుగుల్ని చూసే అద్దం పెట్టి మరీ చూడు. చూశాక నాకు క్షమాపణ రాయాలి. ఫోను చెయ్యకు.

అన్నయ్య


మే 3

అన్నయ్యకి,

చూశాను. అద్దం అవసరం రాలేదు.

పదకొండుమంది, ఇరవైరెండు ఫోటోలు. ప్రతి జతలో మొదటిది, అంటే నువ్వు కెమెరాకి వదిలేసింది, కనురెప్పలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంది. ప్రతి జతలో రెండోది, నువ్వు చేత్తో సవరించింది, చెడింది. కొన్నిట్లో వెనకున్న తెర మడతలు వచ్చాయి, కొన్నిట్లో చెవి వచ్చింది. మొహం ఒక్కదాంట్లోనూ రాలేదు. పదకొండుమందీ కదిలారా అన్నయ్యా?

నీకు అర్థం కావాలని విడమరిచి రాస్తున్నాను. కెమెరా ప్రతిసారీ సరిగ్గానే పట్టుకుంటోంది. నువ్వు తిప్పి చెడగొడుతున్నావు. ఎవరూ వెనక్కి తేకపోవడానికి కారణం వాళ్ళకి చేరినవి కెమెరావి కావడం. వదిన మొదటినుంచీ కెమెరావే అచ్చు తీస్తోంది. నువ్వు అడిగినప్పుడల్లా "మీదే" అంటోంది. కెమెరా ఒక్కసారీ ఓడలేదు. నువ్వు ఒక్కసారీ గెలవలేదు.

మా ఇంటికి వదిన రాలేదు. అందుకని నీకు నువ్వే ఎంచుకున్నావు. మీ బావ మొహం పద్నాలుగుసార్లు సరిగ్గా వచ్చింది. పద్నాలుగూ నీ చేత్తో నువ్వే తుడిపేశావు.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు. క్షమాపణ అడిగావు కదా. పగతో చేశావన్నాను, అది తప్పే. పగతో చెయ్యలేదు.

చెల్లెలు


మే 29

చెల్లెలికి,

ఇది నేనే రాస్తున్నాను. పంక్తులు ఒకదాని మీదొకటి ఎక్కితే సర్దుకుని చదువుకో.

ఈ మధ్య నీ అక్షరాలు చిన్నవవుతున్నాయనిపించి ఉత్తరం మీ వదిన చేతికిచ్చాను. బల్ల దగ్గర కూర్చుని పైకి చదివింది. ఒక్క వాక్యం వదల్లేదు. తన గురించి నువ్వు రాసినచోట కూడా గొంతు మారలేదు. కావాలంటే దాటెయ్యొచ్చు, నాకు తెలిసేది కాదు. చదివి, మడిచి, కవరులో పెట్టింది.

"నిజమేనా?" అన్నాను.

"నిజమే."

"ఎప్పట్నుంచి?"

"మొదటిరోజు నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే స్టూడియోలోకి రావడం మానేస్తారు. ఇంట్లో కూర్చుని నన్ను తింటారు," అంది. నవ్వుతూ కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గళ్ళు గీసిన అట్ట పట్టుకుని నడిమి చుక్కని చూడమన్నాడు. నడుమ చుక్కా లేదు, గళ్ళూ లేవు. అంచులున్నాయి. కంటి వెనక పొర అరిగిపోయిందట. కుడికంట్లో నడిమి చూపు పోయింది, ఎడమదాంట్లో పోతోంది. అద్దాలకు లొంగేది కాదట. మొహం వైపు చూస్తే మొహం పోతుంది, పక్కనున్నది ఉంటుంది. మీ ఇంటి ఊచలు అలా వచ్చాయన్నమాట. నాకు కనబడినదాన్ని నేను సరిగ్గానే తీశాను.

మీ వదినతో మాటల్లేవు. అన్నం పెడుతుంది, తింటాను. నాకు చెప్పకపోవడం ఒక ఎత్తు. రోజూ నన్ను గెలిపించడం ఇంకో ఎత్తు. అది నేను మింగలేకపోతున్నాను. నీ ఉత్తరాలు ఇకమీదట కింద టైరు షాపు అతను చదివిపెడతాడు. అన్నీ గట్టిగానే చదువుతాడు, చూసి రాయి.

ఇప్పుడు నీ సంగతి. నా కళ్ళ గురించి మీ వదిన, నువ్వు కెమెరా పంపకముందే నీకు రాసింది. నీ ఉత్తరం చదివినరోజే తను చెప్పింది. అంటే నీకు తెలుసు. తెలిసే మూడో పద్ధతి పెట్టి పంపావు. నా చేతికి ఏదో ఒక పని ఉండాలని, చంటిపిల్లాడి చేతిలో గిలక పెట్టినట్టు పెట్టావు. చివరి మాట చేతిది అని తియ్యగా రాశావు. "నీ చూపు సరిగ్గా లేదు, రింగు ముట్టుకోకు, అంతా దానికే వదిలెయ్" అని ఒక్క ముక్క రాసి ఉంటే ఏం చేసేవాణ్ణి? నిన్ను తిట్టేవాణ్ణి. ఏడాది మాట్లాడేవాణ్ణి కాదు. బావ మొహం ఉండేది.

స్టూడియో మూసేశాను. బోర్డు టైరు షాపు అతను దించాడు. కెమెరా తిరిగి పంపుతున్నాను, పురుగులకే ఉంచుకో.

అన్నయ్య


జూన్ 17

అన్నయ్యకి,

చదివిపెడుతున్న టైరు షాపు ఆయనకి నమస్కారాలు. ఇందులో దాచుకోవలసినదేమీ లేదు, గట్టిగానే చదవమను.

అవును, తెలుసు. వదిన డిసెంబరులోనే రాసింది. మెట్ల మీద మనిషిని గొంతు విని గుర్తుపడుతున్నావని రాసింది. అంతా కెమెరాకే వదిలెయ్యమని నీకు రాద్దామని కూర్చుని రెండు కాగితాలు చింపాను. నీ నోటికి భయపడ్డాను. కెమెరా పట్టుకున్నాక నువ్వు తిప్పినా ఎంతని తిప్పుతావులే అనుకున్నాను. నాన్న నేర్పింది మరిచిపోయాను. నువ్వు దాటిస్తావని, వెనక్కి తేలేవని నాకు తట్టలేదు. ఇది మీ బావకి చెప్పాను. పలక తీసుకుని "ఇద్దరూ ఇద్దరే" అని రాశారు. అది తిట్టో ఏమిటో అడగలేదు.

మీ బావ సోమవారం మిల్లుకి వెళ్ళారు. ఇరవైరెండేళ్ళు రోజూ సలాం కొట్టిన గేటు కాపలావాడు ఈయన గుర్తింపు కార్డులో ఫోటోనీ మొహాన్నీ మార్చిమార్చి చూసి, లోపలికి వదల్లేదు. ఈయన మాట్లాడలేరు కదా, పలక మీద పేరు రాసి పైకెత్తి చూపించారు. ఆఫీసు గుమాస్తా వచ్చి తీసుకెళ్ళాడు. కొత్త కార్డు చేస్తాం, కొత్త ఫోటో తెమ్మన్నారు.

నిన్న సాయంత్రం ఇంట్లోనే తీశాను. నా కొత్త కెమెరాతో, అంతా దానికే వదిలి. నీ విషయంలో చెయ్యలేని పని కనీసం ఇప్పుడైనా చేద్దామని. మొహాల్ని వెతికి పట్టుకుంటుందని దానికి పేరు. ఆకుపచ్చ గడి ఆయన మొహం మీదికి రాలేదు. చొక్కా గుండీ మీద నిలబడింది. కుర్చీ జరిపాను. గోడ మీది మేకుని పట్టుకుంది. దగ్గరికి వెళ్ళాను. ఆయన భుజం వెనక తువ్వాలు మీదికి పోయింది. ఎడమవైపు గడ్డం లేదు, పెదవి ఒక పక్కకి లాగింది, కుట్లు చెవిదాకా ఉన్నాయి. అది మొహమని దానికి తెలియలేదు. ఎన్నిసార్లు కిచ్‌మందో ఆయన విన్నారు. ఎందుకు ఆలస్యమవుతోందని ఒక్కసారి కూడా అడగలేదు.

చివరికి వేలు సగంలో పట్టుకుని, చేత్తో తిప్పి తీశాను. బాగా వచ్చింది. మచ్చలు వెతికే చెయ్యి కదా, అన్నీ వచ్చాయి. ఆయన చాలాసేపు చూసుకున్నారు. ఇంటికొచ్చాక తన మొహం చూసుకోవడం అదే మొదటిసారి. చూసి, "మీ అన్నకీ ఒకటి పంపు" అని రాశారు.

ఇందులో పెట్టలేదు. టైరు షాపులో పదిమంది చేతులు మారడం నాకిష్టం లేదు. వదిన పేరున వేరే కవరులో పంపాను, ఈపాటికి అంది ఉంటుంది. ఎలా ఉందో తెలియాలంటే ఆవిడని అడగాలి నువ్వు. ఆవిడ ఏం చెబితే అదే నమ్మాలి.

చెల్లెలు